పలక పరచుటకు ముందు: నేలను సిద్ధపరచు విధానము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నది మన పెద్దల మాట. ఇల్లు కట్టుటలో చివరగా వచ్చు ఘట్టము నేల పరుపు. పునాది, గోడలు, కప్పు ముగియునప్పటికి చేతిలోని ధనము, మనసులోని ఓపిక రెండును అడుగంటి యుండును. గృహప్రవేశమునకు ముహూర్తము దగ్గరపడి యుండును. అందుచేత నేలపని తొందరలోనే జరుగును. కాని ఇంటిలో మనము నిత్యము తాకునది నేల యొక్కటే. పసివాడు ప్రాకునది, వృద్ధురాలు ఊతకఱ్ఱ మోపునది, నమాజునకు చాప పరచునది, పండుగకు ముగ్గు వేయునది ఆ నేలమీదనే. తొందరలో చేసిన తప్పు గోడలోనైనచో సున్నము క్రింద దాగవచ్చును. నేలలోనైనచో అడుగడుగునా కాలికి తగులుచుండును.

ఈ వ్యాసము పలక అతికించు పనితనమును గూర్చినది కాదు. ఆ పని తాపీమేస్త్రీ చేతిలోనిది. మేస్త్రీ పనిలో దిగక ముందు ఇంటివారు తెలిసికొనవలసినవి, కొలువవలసినవి, ఆగవలసినవి ఏవో వివరించుట నా ఉద్దేశము. తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నేలకు, నీటికి, ఎండకు తగినట్లుగా దానిని వివరింతును.

మట్టి అలుకు నుండి పింగాణీ పలక వరకు

మన సీమలో పాత యిండ్లు మట్టి మిద్దెలు. దూలములపై దంతెలు, వానిపై కంప, ఆపైన మట్టి పరచి, అన్నిటికంటె పైన చౌడుమట్టి పోసెడివారు. చౌడులో సోడియము లవణములుండుటచే తడిసినప్పుడు దాని సన్నని కణములు విడిపోయి రంధ్రములను మూసివేయును. వాననీరు లోనికి దిగదు. రసాయనశాస్త్రము చదువని పూర్వులు అనుభవముచే కనుగొనిన మంచి ఉపాయమిది. లోపలి నేలను ఎఱ్ఱమట్టితో మెత్తి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికెడివారు. కలిగినవారు సున్నము, ఇసుక కలిపి గచ్చు చేయించెడివారు.

ఇచ్చట భాషాప్రియులకు ఒక ముచ్చట. "గచ్చు" పారసీకపు "గచ్" నుండి, "పునాది" "బునియాద్" నుండి, "తాపీ" హిందుస్తానీ "థాపీ" నుండి మనకు వచ్చినవి. "మేస్త్రీ" పోర్చుగీసు మాట. అనగా ఒక్క యిల్లు కట్టుటకు నాలుగు భాషలు చేయి కలిపినవి. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు తరగతులు ప్రక్కప్రక్కన నడచుట క్రొత్త సంగతి కాదు. మన యిండ్ల పునాదులలో ఆ చెలిమి ఎప్పటినుండియో యున్నది.

గచ్చు తరువాత వచ్చినది బండపరుపు. కడప జిల్లా భూగర్భము పొరలుపొరలుగా పేరుకొనిన ప్రాచీన శిలలతో నిండినది. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించిన గ్రంథములో ఈ శిలాశ్రేణులకు కడప, కర్నూలు పేర్లనే స్థిరపరచినాడు. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములలో దొరకు నాపరాయి సున్నపురాతి జాతిది. అది పొరలుగా విడిపోవు గుణము కలదగుటచే పలుచని బండలుగా తీయుట సులభము. దేశమంతట "కడప రాయి" అని పిలుచు నల్లని బండ ఈ సీమ పేరును ఎక్కడెక్కడి వంటయిండ్లకో మోసికొనిపోయినది.

పింగాణీ పలక మన దక్కనునకు అంత క్రొత్తది కాదు. ఇరానులోని కాషాన్ పట్టణము పేర "కాశీ" పని అని ఉర్దూలో వ్యవహరించు రంగుపలకల కళ బహమనీల కాలముననే ఇటు వచ్చినది. బీదరులో మహమూద్ గవాన్ 1472లో నెలకొల్పిన మదరసా గోడలపై ఆ పలకలు నేటికిని కొంత మిగిలియున్నవి. హైదరాబాదులో కుతుబ్‌షాహీల నాటి బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలు అట్టి పలకల కూర్పుతో ప్రకాశించుచున్నవి. 1908 నాటి మూసీ వరదలో అందు కొంతభాగము దెబ్బతిన్నది. మూడువందల యేండ్లు ఎండకు చెదరని పని నీటికి చెదరినది. పలకకు శత్రువు బరువు కాదు, నీరు అని ఈ ఒక్క ఉదాహరణము చెప్పగలదు.

పలక స్వరూపము

బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, స్ఫటికపు ఇసుక కలిపి, పొడిగా అచ్చులో ఒత్తి, వేయి డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో కాల్చగా పలక తయారగును. పైన గాజువంటి మెరుగు పూత ఉండును. నేడు మన దేశమున అత్యధిక భాగము గుజరాత్‌లోని మోర్బీ ప్రాంతమునుండి వచ్చుచున్నది. అంగడిలో అన్నిటిని "టైల్స్" అనియే అందురు గాని, అవి అన్నియు ఒకటి కావు. వాని భేదమును తెలుపునది నీటిని పీల్చు గుణము.

అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 13006 ప్రకారము బరువులో 0.5 శాతమునకు మించి నీరు పీల్చనివి మిక్కిలి గట్టి పలకలు. 3 శాతము, 6 శాతము, 10 శాతము హద్దులుగా తక్కిన తరగతులు ఏర్పడినవి. 10 శాతము దాటినవి గోడలకే తగును. మన దేశమున ఈ పలకలకు ఐ.ఎస్. 15622 అను ప్రమాణము కలదు. ప్రయోగశాలలో చేయు పరీక్ష కఠినమైనదే గాని, ఇంటిలో స్థూలముగా చూడవచ్చును. ఆరిన పలకను తూచి, ఒక దినము నీట ముంచి, తుడిచి మరల తూచవలెను. 2,000 గ్రాముల పలక 2,200 గ్రాములైనచో అది 10 శాతము పీల్చినదన్నమాట. అట్టిదానిని నేలకు వాడరాదు.

ఈ గుణమునుబట్టియే అతుకు పద్ధతియు మారును. నీరు పీల్చు గోడపలకను సిమెంటుతో అతికించునప్పుడు ముందుగా నీట నానవేయవలెను. లేకున్న అది సిమెంటులోని తడిని లాగివేసి దానిని గట్టిపడనీయదు. నీరు పీల్చని విట్రిఫైడ్ పలకను నానవేయుట వ్యర్థము. దానికి వట్టి సిమెంటు పాలు సరిగా పట్టదు కనుక పలకలకై తయారుచేసిన జిగురుపొడి వాడుట మేలు.

అరుగుదలనుబట్టి 1 నుండి 5 వరకు తరగతులు కలవు. ఇంటి నేలకు 3వ తరగతి, అంతకు పైది ఎన్నుకొనవలెను. పొలమునుండి వచ్చిన కాళ్లతో ఇసుక, గరుసు ఇంటిలోనికి వచ్చు మన పల్లెలలో 4వ తరగతి యుక్తము. స్నానపు గదికి, చేతులు కడుగు తావునకు, మెట్లకు మెరుగు పలక ఎంత మాత్రమును తగదు. గరుకు పలకనే అడుగవలెను. అంగడిలో ఒక పలకను నేలనుంచి, నీరు చల్లి, వట్టికాలితో నిలిచి చూచుటకు సిగ్గుపడరాదు. ముసలివారి తుంటి యెముక విరిగిన తరువాత పడు చింతకంటె ఆ సిగ్గు చిన్నది.

రేగడి నేల చెప్పు పాఠము

పులివెందుల నుండి ముద్దనూరునకు పోవు త్రోవలో నున్న తొండూరు చుట్టుప్రక్కల నల్లరేగడి విస్తారము. బుడ్డశనగకు ఆ నేల బంగారము; ఇంటికి మాత్రము పరీక్ష. రేగడిలో మాంట్‌మోరిలొనైట్ అను బంకఖనిజము కలదు. దాని పొరల నడుమ నీరు చేరగా అది ఉబ్బును. ఎండగా ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఆ ఉబ్బుటలో గల బలము బరువులేని ఇంటి నేలను పైకి లేపుటకు చాలును. గోడలు తమ బరువుచే కొంత ఓర్చుకొనును. గది నడుమ నున్న నేలకు ఆ బరువు లేదు. అందుచే రేగడిలో మొదట చెడునది గది నడిభాగమే.

ఇది మా యింట అనుభవమైన విషయము. మా అక్క పెండ్లి కుదిరిన వేసవిలో మా నాయన రెండేండ్ల శనగపంట డబ్బు పెట్టి నడిమి యింటికి మెరుగు పలకలు పరపించినాడు. పునాది త్రవ్విన రేగడినే లోపల నింపినారు. ఎండిన పెళ్లలు పైపైన దిమ్మిస తగిలినవేగాని లోన గట్టిపడలేదు. పదునైదు దినములలో పని ముగిసినది. పెండ్లికి వచ్చినవారందరు నేలను చూచి మెచ్చుకొన్నారు. రెండవ యేట వానలకు మిద్దెమీది నీరు గొట్టము నుండి గోడ మొదటనే పడి లోనికి ఊరినది. ఒక రాత్రి తుపాకి పేలినట్లు శబ్దమైనది. దొంగలని మా జేజి కేకవేసినది. దీపము వేసి చూడగా నడుమ నాలుగు పలకలు గుడారమువలె లేచి నిలిచినవి. మరునాడు పడకగది తలుపు తెరచుకొనలేదు. వారము తిరుగకమునుపే విరిగిన పలక అంచు జేజి పాదమును కోసినది. నాయన మేస్త్రీని నిందించినాడు. మేస్త్రీ పలకలను నిందించినాడు. పలకలమ్మినవాడు నేలను నిందించినాడు. నిజమునకు తప్పు మా తొందరది. ఆ గాయము మానుటకు రెండు నెలలు పట్టినది. ఆ అప్పు తీరుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టినది.

కావున మొదటి పని మట్టిని పరీక్షించుట. ఐ.ఎస్. 2720, 40వ భాగములో చెప్పిన పరీక్ష మన కళాశాల ప్రయోగశాలలోనే చేయదగినది. ఎండబెట్టి, నూరి, సన్నని జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు రెండు కొలజాడీలలో పోయవలెను. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిను నూరు మిల్లీలీటర్ల గీత వరకు నింపి, గాలిబుడగలు పోవునట్లు కలిపి, ఒక దినము కదల్పక ఉంచవలెను. కిరోసినులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. కిరోసినులో 10 మిల్లీలీటర్లు, నీటిలో 18 మిల్లీలీటర్లు నిలిచెననుకొందము. ఉబ్బిన 8ని 10తో భాగింపగా ఉబ్బుదల 80 శాతము. 50 శాతము దాటిన మట్టిని ఇంటిలోపల నింపుటకు వాడరాదు.

రెండవ పని, రేగడిని త్రవ్వి తీసివేసి ఉబ్బని మట్టిని నింపుట. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్యులుగా నుండిన ఆర్.కె. కట్టి 1970ల దశకమున రేగడిపై సుమారు మీటరు మందమున, బంధనము కలిగియు ఉబ్బని మట్టిపొర నుంచినచో క్రింది ఉబ్బు అణగునని పరిశోధించి చూపినారు. అంత లోతు త్రవ్వుటకు శక్తి లేనివారు సాధ్యమైనంత మందమున గరుసుమట్టి నింపవలెను. ఒక్కమారుగా పోయరాదు. ఆరంగుళముల పొర పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, అది గట్టిపడిన పిదప మరియొక పొర పోయవలెను. దిమ్మిస దెబ్బకు గుంత పడక, చేతికి ఎదురుతన్నినట్లు తోచినప్పుడే ఆ పొర ముగిసినట్లు.

మూడవ పని, నీటిని దూరము చేయుట. మిద్దె గొట్టపు నీరు గోడ మొదట పడరాదు. కాలువ కట్టి దూరముగా పంపవలెను. ఇంటి చుట్టు కనీసము మూడడుగుల వెడల్పున బయటికి వాలునట్లు బండపరుపు చేసి సందులు పూయవలెను. గోడను ఆనుకొని చెట్టు పెట్టరాదు. ఎంత మంచి పలకయు ఈ మూడు పనులకు బదులు కాజాలదు.

నాలుగవది ఆగుట. నింపిన మట్టి ఒక వానకాలము చూచుట ఉత్తమము. దానిపై పోసిన కాంక్రీటు నేలను కనీసము ఏడు దినములు తడిపి, మొత్తము 28 దినములు గడచిన పిదప పలక పని ఆరంభింపవలెను. కాంక్రీటు ఆరుచు ముడుచుకొనును. ఆ ముడుత ముగియక ముందు అతికించిన పలకపై ఆ ఒత్తిడి పడును.

పాత బండపరుపుపై పలక

మన యూళ్లలో చాలమందికి ఎదురగు ప్రశ్న వేరు. ఇంటిలో నాపబండలు ఇదివరకే యున్నవి. వానిని తీసివేయవలెనా, వానిపైననే పలక పరువవచ్చునా? దీనికి తట్టి చూచుటయే జవాబు. చిన్న కొయ్యసుత్తితో ప్రతి బండను తట్టవలెను. గట్టి శబ్దము వచ్చినది నిలిచియున్నది. బోలు శబ్దము వచ్చినది క్రింద పట్టు వదలినది. కాలు మోపగా ఊగు బండను తీసి మరల పాతవలెను. ఊగు బండలు అధికమైనచో పరుపంతయు తీయుటయే మేలు.

అడుగునుండి తడి ఊరుచున్నదేమో తెలిసికొనుటకు అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితమును నేలపై పరచి, అంచులను బంకపట్టీతో మూసి, ఒక రాత్రి ఉంచవలెను. ఉదయము కాగితపు అడుగున నీటిబొట్లు కనిపించినను, బండ రంగు నల్లబడినను క్రింద తడి యున్నట్లు. సందులలో తెల్లని ఉప్పు పూయుటయు అట్టి గుర్తే. ముందు ఆ తడికి మూలము వెదకవలెను. పలకతో కప్పినంత మాత్రమున అది పోదు.

నునుపుబారిన బండకు జిగురు పట్టదు. నూనె, మైనము, సున్నపు చారలు గోకి, ఉలితోగాని యంత్రముతోగాని గరుకు చేసి, దుమ్ము లేకుండ కడిగి ఆరబెట్టవలెను. తరువాత ఎత్తు లెక్క చూడవలెను. పలక 10 మి.మీ., జిగురు 5 మి.మీ. అనుకొన్నను నేల 15 మి.మీ. పెరుగును. సిమెంటు గార పరుపైనచో అంగుళమున్నరకు తక్కువ కాదు. తలుపులు తగులునా, గడప మునుగునా, వంటయింటి నీరు నడిమియింటిలోనికి తిరుగునా అని ముందే చూచుకొనవలెను.

ఒక మాట న్యాయముగా చెప్పవలెను. నాపరాయి సున్నపురాయి గనుక నిమ్మరసము, చింతపులుసు, ఆమ్లము తగిలినచోట మచ్చపడును, పలక పడదు. కాని నాపబండ కాలికి పట్టునిచ్చును, పగిలినను ఒక్క బండనే మార్చవచ్చును, మన జిల్లా పనివారికే కూలి దొరకును. గట్టిగా నిలిచియున్న బండపరుపును కేవలము ఆడంబరమునకై కప్పనవసరము లేదు.

కొలతలు, లెక్కలు

అంగడికి పోవక ముందు చేయవలసిన కాగితపు పని యిది. గది పొడవు, వెడల్పులను రెండేసి చోట్ల కొలువవలెను. పిమ్మట మూల నుండి మూలకు రెండు కర్ణములను కొలువవలెను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి కర్ణము 15 అడుగుల ఏడున్నర అంగుళములకు దగ్గరగా రావలెను; రెండు కర్ణములు సమానముగా నుండవలెను. లేనిచో గది మూలమట్టమునకు లేదన్నమాట. ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవ గోడ వెంట 4 అడుగులు గుర్తించి, నడుమ 5 అడుగులు వచ్చునో లేదో చూచుట మేస్త్రీలకు చిరకాలముగా తెలిసిన పద్ధతి. పైథాగరస్ సిద్ధాంతము నిత్యజీవితమున ఇట్లు పనికివచ్చుచున్నది.

ఇప్పుడు పలకల సంఖ్య. అంగడిలో "రెండడుగుల పలక" అనునది నిజమునకు 600 మి.మీ.లది, రెండడుగులు 610 మి.మీ.లకు దగ్గర. ఈ స్వల్ప భేదము లెక్కను తలక్రిందులు చేయును. 12 అడుగులు 3,658 మి.మీ.; 10 అడుగులు 3,048 మి.మీ. గది వైశాల్యము 120 చదరపు అడుగులు, పలక వైశాల్యము 3.875 చదరపు అడుగులు. భాగింపగా 31 పలకలు. పదిశాతము తరుగు కలిపిన 34. సాధారణముగా అందరు చేయు లెక్క యింతే.

కాని పలకలను ఎట్లు పేర్చుదుమో నిర్ణయింపక ఈ సంఖ్య నిజము కాదు. గోడ అంచున 8 మి.మీ., పలకల నడుమ 3 మి.మీ. సందు విడిచి, పొడవున ఒక కొననుండి పేర్చుకొని పోయినచో ఆరు పలకల తరువాత రెండంగుళములకు తక్కువ సన్నని ముక్క మిగులును. అది చూపునకు అసహ్యము, కోయునప్పుడు విరుగును. దానిని తప్పించుటకు నడుమ ఐదు నిండు పలకలుంచి రెండు కొనల కోతపలకలు పెట్టినచో, ఒక్కొక్కటి 312 మి.మీ. రావలెను. వెడల్పున నాలుగు నిండు పలకలు, రెండు కొనల 308 మి.మీ. ముక్కలు. రెండును సగమునకు మించినవి. ఒక పలకనుండి రెండు ముక్కలు రావు. కనుక ఏడును ఆరుతో హెచ్చింపగా 42 పలకలు కావలెను. 34 కొనినవాడు పని నడుమ మరల ప్రొద్దుటూరునకు పరుగెత్తవలెను. అప్పటికి ఆ కాల్పు సరకు అయిపోయి, రంగు కొంచెము తేడాగా వచ్చును.

మూడవ మార్గమొకటి కలదు. పొడవున ఆరు, వెడల్పున ఐదు నిండు పలకలనే తీసికొని, సందు 4 మి.మీ. చేసి, పరుపును గది నడుమకు జరిపినచో పొడవు వైపు రెండు కొనల 19 మి.మీ., వెడల్పు వైపు 16 మి.మీ. చొప్పున ఖాళీ మిగులును. గోడ అడుగున నిలువుగా అతుకు పట్టీ 10 మి.మీ., దాని గార 12 మి.మీ., మొత్తము 22 మి.మీ. ఆ ఖాళీని పూర్తిగా కప్పివేయును. ఒక్క పలకయు కోయనక్కర లేదు. 30 పలకలే చాలును. గోడపట్టీకి మూడడుగుల ద్వారము పోగా 41 అడుగులు, అనగా 12.5 మీటర్లు. 4 అంగుళముల పట్టీలు పలకకు ఐదు వచ్చును. 21 పట్టీలకు 5 పలకలు. మొత్తము 35. పెట్టెకు నాలుగు చొప్పున 9 పెట్టెలు. గడప అడుగు ముక్కకు, విరిగినవానికి, ముందునాటి మరమ్మతునకు ఒక పెట్టె అధికముగా 10 పెట్టెలు. అయితే గోడలు నిటారుగా, మూలలు మట్టముగా ఉన్న గదికే ఇది వర్తించును. గోడ అంగుళము వంకర యున్నచో రెండవ పద్ధతియే శరణ్యము. ఒకే గదికి 30 కావలెనా, 42 కావలెనా అనునది ఒక సాయంకాలము కాగితముపై గీసికొనుటపై ఆధారపడి యున్నది.

సందు విడుచుట పిసినారితనమో దుబారాయో కాదు, అది అవసరము. పలక వేడికి వ్యాకోచించును. మన సీమ వేసవిలో వరండా నేల ఎంత కాలునో అందరికి తెలిసినదే. గోడ అంచున ఖాళీ లేక బిగించిన పలకలు ఒకదానినొకటి నెట్టుకొని లేచును. పెద్ద హాలులో 20, 25 అడుగులకు ఒకటి, ఎండతగులు వరండాలో 8 నుండి 12 అడుగులకు ఒకటి మెత్తని పూరకముతో వ్యాకోచపు సందు విడువవలెను. ఉర్దూలో కుట్టు అతుకును "దర్జ్" అందురు. దర్జీ అను మాట అందుండి వచ్చినదే. గుడ్డకు కుట్టు ఎంతయో నేలకు సందు అంతయే: చిన్నదే గాని, అది తప్పినచో అంతయు చెడును.

మట్టము, వాటము

గదులలో నేల మట్టముగా ఉండవలెను. పది అడుగుల నిటారు కొయ్యను నేలపై నలుదిక్కుల ఆనించి, దాని క్రింద పగటివెలుగు ఎచ్చట కనిపించునో గుర్తించవలెను. జిగురుతో పెద్ద పలక అతికించునప్పుడు ఆ కొయ్య క్రింద అంగుళములో ఎనిమిదవ వంతునకు మించిన గుంత ఉండరాదు. గార పరుపైనచో ఆ పరుపే సరిచేయును. గది గదికి మట్టమును రసమట్టముకంటె నీరు నింపిన పారదర్శక గొట్టముతో చూచుట సులభము. నీరు తన మట్టమును తానే చెప్పును.

స్నానపు గదికి మట్టము కాదు, వాటము కావలెను. నీరు పోవు రంధ్రమువైపు అడుగునకు పావంగుళము చొప్పున వాలు ఉండవలెను. ఈ వాలును పలకలతో తేవలెనని చూడక, అడుగు పరుపులోనే తేవలెను. ఆ పైన నీరు చొరని పూత పూసి, గోడలవైపు అడుగు ఎత్తు వరకు ఎక్కించి, రంధ్రమును మూసి, ఒకటి రెండు దినములు నీరు నిలువగట్టి చూడవలెను. మట్టము తగ్గినచో, ప్రక్క గోడ చెమ్మగిల్లినచో అప్పుడే దిద్దుకొనవలెను. పలకయు సందుల పూతయు నీటిని ఆపునని నమ్మరాదు. ఆపునది వాని క్రింది పొర.

సరకు, పనివారు

పెట్టెలు ఇల్లు చేరగానే వానిపై ముద్రించిన వరుససంఖ్య, ఛాయసంఖ్య అన్నిటికి ఒకటే యున్నదో లేదో చూడవలెను. నాలుగైదు పెట్టెలనుండి పలకలు తీసి ఎండలో ప్రక్కప్రక్కన పరచి రంగు పోల్చవలెను. ముఖములు ఎదురెదురుగా కలిపి వంకర చూడవలెను. అతికించిన తరువాత చేయు ఫిర్యాదును ఎవరును వినరు. ఇసుకను జల్లించి, చౌడు లేనిదానినే వాడవలెను. ఉప్పునీటి బోరునీరు గారలో కలిపినచో సందులలో తెల్లని పూత వచ్చుచునే యుండును. త్రాగుటకు తగిన నీరే గారకును తగినది.

చివరిది, ముఖ్యమైనది, పని చేయువారి క్షేమము. పలకలో స్ఫటికపు ఇసుక యున్నది. పొడిగా యంత్రముతో కోయునప్పుడు లేచు తెల్లని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, మానని జబ్బు తెచ్చును. నీరు పోయుచు కోయవలెను, బయట కోయవలెను, ముక్కునకు తగిన ముసుగు ఇవ్వవలెను. తడిసిమెంటు క్షారము చేతులను తినివేయును; తొడుగులు ఇవ్వవలెను. వీని వెల ఒక పలకపెట్టె వెలకు మించదు. మన యింటి మెరుగు మరియొకరి ఊపిరితో కొనినది కారాదు.

ముగింపు

ఇంతవరకు చెప్పినదానిలో పలక అతికించుట ఎచ్చటను లేదు. మట్టి పరీక్ష, నింపుడు, నీటి మళ్లింపు, ఆరుదల, కొలత, వాటము: ఇవి ముగిసినచో తక్కిన పని మేస్త్రీకి మూడు నాలుగు దినములది. ఇవి ముగియనిచో ఎంతటి నేర్పరియు కాపాడలేడు.

మా నడిమియింటి నేలను మరల వేసినప్పుడు రేగడి తీసి గరుసు నింపించి, ఒక వానకాలము వట్టి కాంక్రీటుపైననే గడిపినాము. బంధువులు నవ్వినారు. మా జేజి మాత్రము, విత్తుటకు పదును వరకు ఆగువానికి నేలకై ఆగుట ఒక లెక్కా అన్నది. ఆమె నడుచు చోట గరుకు పలక వేసినాము. విద్యార్థి మిత్రులారా! మీ యిండ్లలో నేలపని ఆరంభమగునప్పుడు పెద్దలు మిమ్ములను రంగు ఎన్నుకొమ్మందురు. మీరు ముందు ఒక గుప్పెడు మట్టి, ఒక కొలబద్ద, ఒక తెల్లకాగితము అడుగుడు. రంగు తరువాత చూచుకొనవచ్చును.